విటమిన్ 'సి' బిళ్ళా, విటమిన్ 'ఇ' గోలీయా? – ఏది మేలు?



మన ఊళ్ళ మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండా ఎక్కువగా అడిగి కొనే వాటిలో రెండు విటమిన్లు ఉన్నాయి. ఒకటి నారింజ రుచితో చప్పరించే 500 మిల్లీగ్రాముల విటమిన్ 'సి' బిళ్ళ. లిమ్సీ అంటే అందరికీ తెలుస్తుంది. రెండోది ఎవియాన్ పేరుతో తెలిసిన 400 మిల్లీగ్రాముల ఆకుపచ్చని విటమిన్ 'ఇ' గోలీ. ముఖం మెరవడానికి, జుట్టు ఊడకుండా ఉండడానికి, నీరసం తగ్గడానికి, వయసు మీద పడకుండా ఉండడానికి అంటూ వీటిని వాడుతున్నారు. ఈ రెండింటినీ 'యాంటీ ఆక్సిడెంట్లు' అంటారు. తెలుగులో ఆక్సీకరణ నిరోధకాలు అనవచ్చు.

సెలవులకు వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, నువ్వు జీవరసాయన శాస్త్రం చదువుతున్నావు కదా, ఈ రెండిట్లో ఏది మంచిది?" ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటే అది నా మాట అవుతుంది గానీ శాస్త్రం కాదు. కాబట్టి మొదటి నుంచీ వరుసగా తెలుసుకుందాం. చివరికి ఎవరి సమాధానం వారే చెప్పుకోగలరు.

ఆక్సీకరణం అంటే ఏమిటి?

వంకాయ కోసి గాలికి వదిలేస్తే కాసేపటికి నల్లబడుతుంది. అందుకే మన అమ్మలు ముక్కలను ఉప్పు నీళ్ళలో వేస్తారు. ఇనుప గొడ్డలి వానలో తడిస్తే తుప్పు పడుతుంది. పాత నూనె కంపు కొడుతుంది. ఈ మూడింటిలోనూ పని చేసేది గాలిలోని ఆక్సిజనే.

మన శరీరంలోనూ ఇలాంటి చర్యలు జరుగుతాయి. మనం తిన్న అన్నాన్ని ప్రతి కణంలోని మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలు ఆక్సిజన్ సాయంతో మండించి శక్తిని ఇస్తాయి. పొయ్యి అన్నాక నిప్పురవ్వలు లేస్తాయి కదా, అలాగే ఇక్కడ కూడా కొన్ని అణువులు ఒక ఎలక్ట్రాను తక్కువై బయటకు వస్తాయి. వీటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. తమకు తక్కువైన ఎలక్ట్రాను కోసం ఇవి పక్కనున్న కొవ్వునో, మాంసకృత్తినో, డి.ఎన్.ఎ.నో పట్టి లాగుతాయి. అలా దెబ్బతిన్న అణువు ఇంకో దాన్ని లాగుతుంది. ఈ గొలుసును తెంచడానికి తన ఎలక్ట్రానును ఇచ్చి కూడా తాను నిలకడగా ఉండగలిగే పదార్థమే యాంటీ ఆక్సిడెంటు.

1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ ఒక సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఫ్రీ రాడికల్స్ చేసే నష్టం ఏళ్ళ తరబడి పోగుపడటమే ముసలితనం అన్నాడు. అదే నిజమైతే యాంటీ ఆక్సిడెంట్లను బిళ్ళలుగా మింగితే ముసలితనం ఆలస్యం కావాలి. వినడానికి చాలా సబబుగా ఉంది. బిళ్ళల వ్యాపారమంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫ్రీ రాడికల్స్ పూర్తిగా శత్రువులు కావు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి వీటినే ఆయుధాలుగా వాడతాయి. వ్యాయామం చేసినప్పుడు కండరాలకు 'బలపడండి' అనే కబురు అందడంలోనూ వీటి పాత్ర ఉంది. ఇవి హద్దు దాటకుండా చూడడానికి శరీరానికి సొంత కాపలా కూడా ఉంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ అనే ఎంజైములు, గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ పని చేస్తాయి.

మనకు తెలిసిన పోలికతో చెప్పాలంటే భద్రాచలం దగ్గర గోదావరిని తలుచుకోండి. నదిలో నీరు లేకపోతే పంట లేదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. వరద వస్తే ప్రమాదమని చెప్పి నదినే ఎండగట్టాలని ఎవరూ అనరు. శరీరంలో ఫ్రీ రాడికల్స్ సంగతీ అంతే. ఉండవలసిన మట్టంలో ఉండాలి.

విటమిన్ 'సి' కథ

మేక తన శరీరంలోనే విటమిన్ 'సి' తయారు చేసుకుంటుంది. కుక్క కూడా చేసుకుంటుంది. మనిషి, కోతి, గినీ పంది మాత్రం చేసుకోలేవు. కాబట్టి మనం తిండి ద్వారానే పొందాలి. అది నెలల తరబడి దొరకకపోతే చిగుళ్ళ నుంచి రక్తం కారి, పాత గాయాలు తిరగబెట్టి, మనిషి చనిపోతాడు. ఆ జబ్బు పేరు స్కర్వీ. పూర్వం సముద్ర ప్రయాణాల్లో వేలాది నావికులు దీనితో చనిపోయారు.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ వచ్చిన 12 మందిని తీసుకుని ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేశాడు. అందరికీ ఒకే భోజనం పెట్టి, జట్టుకొక మందు చొప్పున ఇచ్చాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరూ వారం లోపే లేచి తిరిగారు. ఇందులో మనం నేర్చుకోవలసింది నిమ్మకాయ గొప్పతనం ఒక్కటే కాదు. ఒక మందు పని చేస్తుందో లేదో తెలియాలంటే వాడినవాళ్ళను వాడనివాళ్ళతో పోల్చి చూడాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఈ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేసిన కథ మన ఖమ్మం వాళ్ళకు మరీ నచ్చుతుంది. హంగరీ దేశంలో సెగెడ్ అనే ఊరు మిరపకు ప్రసిద్ధి, మన ఖమ్మం మిర్చి యార్డు లాగే. అక్కడ పని చేసే ఆల్బర్ట్ సెంట్ జార్జీ అనే శాస్త్రవేత్త 1932 ప్రాంతంలో పచ్చి మిరపను ప్రయోగశాలకు తీసుకుపోయి పరీక్షించి, అందులో విటమిన్ 'సి' దండిగా ఉందని కనుక్కున్నాడు. అంతవరకు గ్రాముల్లో దొరకడమే గగనమైన పదార్థం కిలోల్లో దొరికింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పచ్చి మిరపలో ఉన్న ఈ విటమిన్ ఎండు మిరపలో చాలా వరకు పోతుందని కూడా తెలుసుకోండి.

విటమిన్ 'సి' నీటిలో కరుగుతుంది. చర్మానికి, ఎముకకు, రక్తనాళాలకు పట్టునిచ్చే కొల్లాజెన్ తయారీకి ఇది తప్పనిసరి. 'సి బిళ్ళ వేస్తే ముడతలు రావు' అనే ప్రచారం ఇక్కడి నుంచే పుట్టింది. కానీ కొల్లాజెన్ తయారీకి కావలసినంత ఉంటే చాలు. సున్నం తగినంత ఉన్నప్పుడు ఇంకో బండి తెచ్చి పోసినంత మాత్రాన గోడ ఎత్తు పెరగదు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్ద మగవారికి రోజుకు 80 మి.గ్రా., ఆడవారికి 65 మి.గ్రా. సరిపోతుంది. మన బిళ్ళలో ఉన్నది 500 మి.గ్రా. ఒకేసారి 200 మి.గ్రా. వరకు పేగులు దాదాపు పూర్తిగా పీల్చుకుంటాయి. 1000 మి.గ్రా. దాటితే అందులో సగం కూడా ఒంటికి పట్టదు. పట్టినదాంట్లో మిగులు మూత్రంలో పోతుంది. కాబట్టి పెద్ద మోతాదు బిళ్ళలతో మనం కొనేది చాలావరకు ఖరీదైన మూత్రమే! పైగా ఎక్కువ మోతాదును ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది.

జలుబు సంగతేమిటి అంటారేమో. రోజూ విటమిన్ 'సి' వేసుకునే మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దలలో సుమారు 8 శాతం, పిల్లలలో 14 శాతం త్వరగా తగ్గింది. అంటే ఏడు రోజుల జలుబులో పెద్దవారికి సగం రోజు లాభం. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్రం లాభం కూడా నిలకడగా కనిపించలేదు.

విటమిన్ 'ఇ' కథ

1922లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈవాన్స్, బిషప్ అనే ఇద్దరు ఎలుకల మీద పని చేస్తూ దీన్ని కనుగొన్నారు. ఇది లేని తిండి తిన్న ఎలుకలకు పిల్లలు నిలవలేదు. అందుకే దీనికి 'టోకోఫెరాల్' అని పేరు వచ్చింది. గ్రీకులో దాని అర్థం సంతానాన్ని మోసేది అని.

విటమిన్ 'ఇ' కొవ్వులో కరుగుతుంది. కాబట్టి ప్రతి కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరలో కూర్చుని, ఆ పొర చెడిపోకుండా కాస్తుంది. ఫ్రీ రాడికల్‌కు తన ఎలక్ట్రాను ఇచ్చేసి అలసిపోయిన విటమిన్ 'ఇ'కి మళ్ళీ ఎలక్ట్రాను ఇచ్చి నిలబెట్టేది విటమిన్ 'సి'. అంటే ఈ రెండూ పోటీదారులు కావు, తోడుగాళ్ళు. ఒకటి కరకట్ట మీద కాపలా ఉంటే, ఇంకొకటి దానికి సద్ది మోసుకెళ్తుంది.

మనకు రోజుకు కావలసింది సుమారు 10 నుంచి 15 మి.గ్రా. పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు, వంట నూనెలు, ఆకుకూరల్లో ఇది దొరుకుతుంది. మామూలు తిండి తినేవారిలో విటమిన్ 'ఇ' లోపం చాలా అరుదు. కొవ్వు జీర్ణం కాని కొన్ని జబ్బులున్నవారిలో వస్తుంది. ఆకుపచ్చ గోలీ ఒక్కదాంట్లో ఉన్నది 400 మి.గ్రా., అంటే దాదాపు నెల రోజుల అవసరం. దీన్ని రోజుకొకటి మింగుతున్నారు! నీటిలో కరిగేది కాదు కాబట్టి మిగులు మూత్రంలో సులువుగా పోదు. అంతేకాక మోతాదు పెరిగితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందులు వాడే పెద్దలు ఇంట్లో ఉంటే వారికి ఈ గోలీలు సొంతంగా ఇవ్వవద్దు.

గోలీని సూదితో పొడిచి ముఖానికి రాసుకునే అలవాటు కూడా ఉంది. 1999లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో శస్త్రచికిత్స మచ్చల మీద విటమిన్ 'ఇ' రాసి చూశారు. మచ్చ తగ్గలేదు. పైగా మూడోవంతు మందికి రాసిన చోట దద్దురు లేచింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే

ఇప్పుడు జేమ్స్ లిండ్ పాఠం అవసరం వచ్చింది. "మా బావమరిది వాడాడు, పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు" అనేది రుజువు కాదు. ఒకే రకం మనుషులను చీటీలు తీసి రెండు భాగాలు చేసి, ఒకరికి అసలు బిళ్ళ, ఇంకొకరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికి కూడా తెలియకుండా ఏళ్ళ తరబడి గమనించాలి. మన అదృష్టం కొద్దీ ఈ రెండు విటమిన్ల మీద అలాంటి పరిశోధనలు చాలానే జరిగాయి.

అమెరికాలో 50 ఏళ్ళు దాటిన 14,641 మంది మగ డాక్టర్ల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. రోజుకు 500 మి.గ్రా. విటమిన్ 'సి', రోజు విడిచి రోజు 400 యూనిట్ల విటమిన్ 'ఇ' ఇచ్చి సుమారు ఎనిమిదేళ్ళు చూశారు. గుండెపోటు తగ్గలేదు. పక్షవాతం తగ్గలేదు. మరణాలు తగ్గలేదు. 'ఇ' వాడినవారిలో మెదడులో రక్తస్రావం కొంత ఎక్కువగా కనిపించింది. అదే పరిశోధనలో క్యాన్సర్ కూడా తగ్గలేదని ఆ తర్వాత ప్రకటించారు.

గుండె జబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదం ఉన్న 8,171 మంది స్త్రీల మీద జరిగిన మరో పరిశోధన 2007లో వెలువడింది. అందులోనూ 'సి', 'ఇ'ల వల్ల మొత్తం మీద లాభం కనిపించలేదు.

35,533 మంది మగవారి మీద జరిగిన 'సెలెక్ట్' అనే పరిశోధన ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమో చూద్దామని మొదలైంది. 2011లో వచ్చిన లెక్క ప్రకారం రోజుకు 400 యూనిట్ల విటమిన్ 'ఇ' వాడినవారిలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 17 శాతం పెరిగింది.

బీడీ, సిగరెట్టు తాగేవారి విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. మన అడవి తునికాకు బీడీ అయ్యి మన పెద్దల ఊపిరితిత్తుల్లోకే పోతోంది కదా! ఫిన్లాండులో పొగతాగే 29,133 మందికి బీటా కెరోటిన్ అనే మరో యాంటీ ఆక్సిడెంటు, విటమిన్ 'ఇ' ఇచ్చి చూశారు. 1994లో వచ్చిన ఫలితంలో బీటా కెరోటిన్ వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో ఇలాంటి ఇంకో పరిశోధనను 1996లో మధ్యలోనే ఆపేశారు. అందులో 28 శాతం ఎక్కువ. క్యారెట్టు తింటే రాని ప్రమాదం, దాని సారాన్ని పెద్ద మోతాదులో పొగతాగేవారికి ఇస్తే వచ్చింది. "బీడీ మానలేను, విరుగుడుగా బిళ్ళ వేసుకుంటా" అనే మామయ్యలకు ఈ సంగతి చెప్పండి.

2012లో మొత్తం 78 పరిశోధనలను, 2,96,707 మంది వివరాలను కలిపి సమీక్షించారు. యాంటీ ఆక్సిడెంటు బిళ్ళలు ఆయుష్షు పెంచాయనడానికి ఆధారం దొరకలేదు. బీటా కెరోటిన్, విటమిన్ 'ఇ' మరణాలను కొద్దిగా పెంచుతున్నట్టు కనిపించింది. విటమిన్ 'సి' లాభమూ చేయలేదు, నష్టమూ చేయలేదు.

పోలీసు కానిస్టేబుల్, ఆర్మీ పరుగు పరీక్షలకు తయారవుతున్న తమ్ముళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. 2009లో జర్మనీలో సుమారు 40 మంది యువకులకు నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మి.గ్రా. 'సి', 400 యూనిట్ల 'ఇ' ఇచ్చారు. బిళ్ళలు వేసుకోనివారిలో ఇన్సులిన్ పనితనం మెరుగైంది. వేసుకున్నవారిలో వ్యాయామం వల్ల రావలసిన ఆ మేలు రాలేదు. కండరాలకు అందవలసిన కబురును బిళ్ళ మధ్యలోనే ఆపేసిందన్నమాట. పొద్దున్నే లేచి పరుగెత్తి, ఆ ఫలితాన్ని బిళ్ళతో చెరుపుకోవడం ఎందుకు?

కాబట్టి రెండింటినీ పోల్చితే తేలేది ఇది:

1. లోపం ఉన్నవారికి రెండూ మందులే. అది డాక్టరు తేల్చాలి. వయసుతో వచ్చే ఒక రకం కంటి జబ్బుకు కూడా ఈ విటమిన్లున్న ప్రత్యేక మందు ఇస్తారు. అదీ కంటి డాక్టరు చెబితేనే.
2. లోపం లేనివారికి ముసలితనం ఆపడానికి రెండూ పనికిరావు.
3. 'సి' ఎక్కువైతే చాలావరకు డబ్బు నష్టం. 'ఇ' ఎక్కువైతే డబ్బుతో పాటు ఆరోగ్య నష్టం కూడా జరగవచ్చు.
4. రెండూ తిండిలో దొరుకుతాయి. తిండిలో ఉన్నప్పుడు వాటితో పాటు పీచు, ఖనిజాలు, ఇతర పోషకాలూ వస్తాయి.

మన ఊళ్ళో జరుగుతున్నది

పట్నంలో ఉన్నవారు రెండు మూడు రూపాయల బిళ్ళ కొనుక్కుంటే పెద్ద నష్టం లేదనుకోవచ్చు. మన దగ్గర సంగతి వేరు. గొలుసుకట్టు వ్యాపారం చేసేవారు గూడేల దాకా వస్తున్నారు. వెయ్యి రూపాయలు దాటిన ధరతో 'యాంటీ ఆక్సిడెంట్' సీసాలు అమ్ముతున్నారు. అమ్మేది బయటివాడైతే అనుమానిస్తాం. కానీ అమ్మేది మన చిన్నాన్న, మన పిన్ని, మన క్లాసులో చదివిన స్నేహితుడు. మొహమాటానికి కొంటాం.

మా ఇంట్లోనూ ఒక సీసా వచ్చింది. మా అమ్మ మిరప ఏరడానికి కూలికి పోతుంది. ఒక ఏడాది ఆమెకు నడిస్తే ఆయాసం, కళ్ళు తిరగడం మొదలయ్యాయి. ముఖం పాలిపోయింది. "వయసు మీద పడుతోందక్కా, ఒంట్లో విషాలు చేరినయి, ఇది వాడు" అని తెలిసిన ఆమె ఒక సీసా ఇచ్చింది. దాని ఖరీదు అమ్మ నాలుగైదు రోజుల కూలి. రెండు నెలలు వాడినా ఆయాసం తగ్గలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములు ఉంది. ఆడవారికి 12 ఉండాలి. డాక్టరమ్మ నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చింది. పైసా ఖర్చు లేదు. మూడు నెలలకు అమ్మ మునుపటిలా నడిచింది. అది ముసలితనం కాదు, రక్తహీనత.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ దాదాపు అంతే. మన అమ్మలు నలభై ఏళ్ళకే అరవై ఏళ్ళవారిలా కనిపించడానికి కారణం యాంటీ ఆక్సిడెంట్లు తక్కువ కావడం కాదు. రోజంతా నెత్తిన ఎండ, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ, చాలని తిండి, చాలని నిద్ర, తక్కువైన రక్తం. వీటిలో ఏ ఒక్కదానికీ సీసాలో మందు లేదు.

నీలం మాత్రను పారేయకండి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన బళ్ళలో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు వారానికి ఒక నీలం మాత్ర ఉచితంగా ఇస్తారు. చేదుగా ఉందనో, కడుపులో తిప్పిందనో, మలం నల్లగా వచ్చిందనో చాలామంది కిటికీలోంచి పారేస్తారు. ఉచితంగా వచ్చింది కాబట్టి దానికి విలువ లేదనుకుంటాం. అదే చేత్తో మందుల షాపులో ఆకుపచ్చ గోలీ కొనుక్కుంటాం.

ఆ నీలం మాత్రలో రెండు వస్తువులున్నాయి: ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఈ ఫోలిక్ ఆమ్లం వెనుక ఎవరున్నారో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేదరికంలో చదువుకుని, అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఒక తెలుగువాడి కష్టం మన అరచేతిలోకి ఉచితంగా వస్తుంటే మనం దాన్ని కిటికీలోంచి విసిరేస్తున్నాం.

ఖాళీ కడుపుతో కాకుండా భోజనం తర్వాత వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. మలం నల్లబడటం ఇనుము రంగు వల్లనే, భయం లేదు. మాత్రకు ముందూ వెనుకా గంట సేపు టీ తాగవద్దు. టీలోని టానిన్లు ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు.

ఇక్కడే విటమిన్ 'సి' తన నిజమైన విలువ చూపిస్తుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగులు దాన్ని సులువుగా పీల్చుకోలేవు. విటమిన్ 'సి' దానికి ఒక ఎలక్ట్రాను ఇచ్చి ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. అప్పుడు ఒంటికి పడుతుంది. చూశారా, ఎలక్ట్రాను ఇచ్చే అదే గుణం! ముడతలు ఆపుతుందని అమ్ముతున్న గుణం అక్కడ పని చేయలేదు గానీ, పప్పులో పిండిన నిమ్మచెక్కలో చక్కగా పని చేస్తుంది.

మన అడవి, మన పెరడు

హార్మన్ సిద్ధాంతం వచ్చిన 1956లోనే మన దగ్గర గిరిజన సహకార సంస్థ పుట్టింది. కోయ, కొండరెడ్డి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అడవిలో సేకరించే జిగురు, తేనె, ఇప్పపువ్వు, కరక్కాయ, ఎండు ఉసిరి లాంటివి కొనడం దాని పని. మన అడవి అంచు నుంచి మూటలుగా పోయిన ఉసిరి ఎక్కడో పొడై, సీసాలోకి చేరి, బొమ్మ అంటించుకుని ఎన్నో రెట్ల ధరకు మళ్ళీ మన ఊరికే వస్తోంది.

వంద గ్రాముల పచ్చి ఉసిరిలో 600 మి.గ్రా. విటమిన్ 'సి' ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో ఉండేది. 2017లో అదే సంస్థ ఇచ్చిన కొత్త పట్టికలో సుమారు 250 మి.గ్రా. అని ఉంది. తక్కువ లెక్కే తీసుకున్నా, ఓ మోస్తరు ఉసిరికాయ ఒకటి రెండు తింటే రోజుకు కావలసింది దాటిపోతుంది. జామకాయలో కూడా వంద గ్రాములకు 200 మి.గ్రా. పైనే ఉంటుంది. మునగాకు, నిమ్మ, పచ్చి మిరప, టమాటా ఉండనే ఉన్నాయి. విటమిన్ 'ఇ'కి గుప్పెడు పల్లీలు, ఆకుకూర చాలు. ఉసిరి కూడా ముసలితనాన్ని ఆపుతుందని నేను చెప్పడం లేదు. బిళ్ళకు ఒక న్యాయం, చెట్టుకు ఒక న్యాయం ఉండకూడదు. తిండిగా అది మంచిది, చవకైనది, మనది. అంతే చెబుతున్నాను.

మనం చేయగలిగినవి

1. వసతిగృహం ఆవరణలో రెండు మునగ, రెండు జామ, ఒక నిమ్మ, ఒక ఉసిరి మొక్క నాటుదాం. పూర్వ విద్యార్థులు మొక్కలు తెస్తే, ఇప్పటి తమ్ముళ్ళు నీళ్ళు పోస్తారు.
2. పప్పు, ఆకుకూర ఉన్న రోజు నిమ్మచెక్క పెట్టమని మెస్ కమిటీ ద్వారా వార్డెన్ సారును కోరుదాం. భోజనం కాగానే టీ తాగే అలవాటు మానుకుందాం.
3. నీలం మాత్రను, నులిపురుగుల మాత్రను అందరం ఒకే వరుసలో కూర్చుని భోజనం తర్వాత వేసుకుందాం.
4. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను, అక్కను, చెల్లిని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి హిమోగ్లోబిన్ చూపిద్దాం. నీరసానికి ముందు పరీక్ష, తర్వాతే మందు.
5. పొలం పనికి పోయేవారికి తలపాగా, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళ సీసా గుర్తు చేద్దాం. ముఖానికి అంతకంటే మంచి మందు లేదు. బీడీ మానిపించగలిగితే మరీ మంచిది.
6. ఎవరైనా సీసా అమ్మడానికి వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎంతమంది మీద పరీక్షించారు? ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూశారా? ఎన్నేళ్ళు చూశారు? మర్యాదగానే అడుగుదాం, అమ్మేది మన చుట్టమే కాబట్టి. కానీ జవాబు రాకపోతే డబ్బు తీయవద్దు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. మనలో చాలామంది ఇళ్ళల్లో మందు సీసా మీద అక్షరాలు చదవగలిగేది కూడా మనమే. ఇంట్లోవాళ్ళు సీసా మన చేతికిచ్చి "ఇదేందో చూడు బిడ్డా" అంటారు. ఆ అక్షరాలు చదవడం ఒక పని, అందులో నిజం ఎంతో చెప్పడం ఇంకో పని. రెండో పని కోసమే మనల్ని కూలి చేసి చదివించారు. విటమిన్ 'సి' బిళ్ళా, విటమిన్ 'ఇ' గోలీయా అని ఈసారి ఎవరైనా అడిగితే, "ముందు నీ రక్తం ఎంతుందో చూపించుకో, తర్వాత మాట్లాడదాం" అని చెప్పండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జీవరసాయన శాస్త్రం